దుబాయి ఇంట్లో మూడు నిద్రలు

మొన్న వెలిమెలలో మా స్కూలు టీచరొకామె గృహప్రవేశానికి వెళ్లాను. పాలు పొంగాయి, భోజనాలయ్యాయి. పురోహితుడు సంచి సర్దుకుంటూ "మూడు నిద్రలు మాత్రం మరచిపోవద్దు" అని చెప్పి బయల్దేరాడు. ఇంటావిడ మొహం వేలాడేసింది. భర్తకు షిఫ్టు డ్యూటీ, పిల్లలకు పరీక్షలు. సాయంత్రానికల్లా తాళం వేసుకుని కిరాయి ఇంటికి పోవాల్సినవాళ్లు. "వెనకట ఇటువైపు ఒకామె ఉండేదట కదా మేడమ్, ఎవరింట్లోనైనా వచ్చి నిద్రలు చేసి పోయేదట. మీరెరుగుదురా?" అని నన్నే అడిగింది.

ఎరగనన్నాను. చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాను. ఆవిడ అడిగిన మనిషి మా చిన్నమ్మ, మా అమ్మకు స్వయానా చెల్లెలు. ఆమె పోయాక నా ముందు ఎవరైనా ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి.

కొత్త ఇంట్లో పాలు పొంగించాక ఇంటివాళ్లు మూడు రాత్రులు అక్కడే పడుకోవాలి. నిద్రలు చేయడమంటే అదే. మనిషి ఊపిరి తగిలితేగాని ఇల్లు ఇల్లు కాదని మావాళ్ల నమ్మకం. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేచి, వాటి వెనకాలే ప్లాట్లు వచ్చి, కిష్టారెడ్డిపేట చేలల్లో హద్దు రాళ్లు మొలిచిన రోజుల్లో చాలామంది ఇల్లు కట్టి తాళం వేసేవాళ్లు. కంపెనీ క్వార్టర్సు వదలలేరు, కొత్త ఇంటిని అలా ఒంటరిగా వదిలేయనూ లేరు. వాళ్ల బదులు లక్డారం నుంచి మా చిన్నమ్మ వచ్చి పడుకునేది. మొదట ఎవరో చుట్టాలకు చేసింది. నెల తిరక్కుండా ఆ ఇంటాయన ఉద్యోగం పర్మినెంటు అయింది. ఇంకేముంది, ఆ నోటా ఈ నోటా పడి చిన్నమ్మకు తీరికలేకుండా పోయింది. చీరా రవికెగుడ్డా పెట్టి, బస్సెక్కించి పంపేవాళ్లు.

పొద్దు వాలకముందే వచ్చేది. చంకలో చాప, చేతిలో ప్రమిద. గడప దాటగానే ఎవరితోనూ మాట్లాడేది కాదు. ముందు ఒక్కో గోడకూ చెయ్యి తిరగేసి ఆనించి చూసేది, పిల్లకు జ్వరమొచ్చిందేమోనని చూసినట్టు. తర్వాత ఇంటిని పలకరించేది. "ఏందే, పరేషాన్ల ఉన్నవా? వస్తరు తియ్యి మీవోళ్లు. ఊకె ఫికర్ జెయ్యకు." ఇల్లు ఆమెకు ఎప్పుడూ ఆడపిల్లే, ఎప్పుడూ తనకన్నా చిన్నదే. ఎంత ఉక్కపోసినా ఫ్యాను వేసుకునేది కాదు. "అది తిరుగుతుంటే దాని సప్పుడే ఇంటం. ఇల్లు ఏమంటున్నదో ఇనొద్దా?" అనేది.

పొద్దున్నే వాకిలి ఊడ్చి, ముగ్గేసి, గుమ్మంలో కూర్చునేది. ఇంటివాళ్లు స్కూటరు దిగుతూనే "ఎట్లున్నదక్కా?" అని అడిగేవాళ్లు. "మంచిగున్నది" అంటే మంచిగున్నట్టే. "పర్వాలే" అందంటే ఆ ఇంటావిడకు వారం పాటు అన్నం సహించేది కాదు. ఒక ఇంట్లో మాత్రం సగం తాగిన టీ గ్లాసు కింద పెట్టేసి, "ఇంటాయన్ని జెర పైలంగ ఉండుమను" అని బస్సెక్కేసింది. ఆయన ఏదో మందుల కంపెనీలో రియాక్టరు దగ్గర పని చేసేవాడు. ఆ చలికాలం దాటలేదు. ఆమెకు ఇల్లే చెప్పిందని కొందరు, ఆమె అన్నందువల్లే అయిందని కొందరు. నేనడిగితే విసుక్కుంది. "కండ్లు పచ్చగయినయి బిడ్డా ఆయనయి. ఇల్లు సెప్పాల్నా గది?" అంది.

అంత తెలివైన మనిషి. మరి నమ్మకమంతా వేషమేనా అంటే కాదు. ఆమె నిజంగా భయపడేది ఒక్కదానికే, తాళం వేసిన ఇంటికి. సంగారెడ్డి రోడ్డులో అలాంటి ఇంటి ముందు నుంచి బస్సు పోతుంటే కిటికీ వైపు నుంచి లేచి ఇవతల కూర్చునేది. "ఖాళీ ఇల్లు ఊకె ఉండది బిడ్డా. ఎదురు సూస్తది, సూస్తది. మనిషి రాకుంటే ఇంకోదాన్ని పిలుచుకుంటది." ఇంకోదాన్ని అంటే ఏమిటో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఇక్కడ మా చిన్నాయన సంగతి చెప్పాలి. తాపీమేస్త్రి. ఎనభైల్లో ఏజెంటు మాట నమ్మి దుబాయి వెళ్లాడు. అక్కడి నుంచి ఒక క్యాసెట్టు పంపాడు. ఆ రోజుల్లో చదువురానివాళ్లు ఉత్తరాల బదులు గొంతు నింపి పంపేవాళ్లు. ఇక్కడ ఇసుక తప్ప ఏమీ లేదనీ, తనకు మంచిగానే ఉందనీ, బర్రె ఈనిందా అనీ అడిగాడు. ఆ తర్వాత క్యాసెట్టు లేదు, కబురు లేదు. ఏళ్లు గడిచాయి. చచ్చాడని కబురు రాలేదు గనుక బతికున్నట్టే. బతికున్నాడు గనుక చిన్నమ్మ ముత్తయిదువే. ముత్తయిదువ గనుకనే కొత్త ఇళ్లకు పిలుస్తారు. ఈ లెక్క లక్డారంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. దుబాయి నుంచి ఎవరైనా ఊరికొస్తే మిగిలిన ఆడవాళ్లు పరుగున వెళ్లి తమవాళ్ల గురించి అడిగేవాళ్లు. ఆ రోజు చిన్నమ్మ కలుపు పనికి పోయేది. ఒకసారి కోపం ఆపుకోలేక, "ఒక్కసారన్నా అడగవేంది చిన్నమ్మా?" అన్నాను.

"అడిగితే జవాబొస్తది బిడ్డా" అంది.

అలా ఏళ్లు నెట్టుకొచ్చిన మనిషిని ఆ దుబాయికే తీసుకుపోయినవాడు పటేల్. చిన్నమ్మ ఊరివాడే. తాతల నాటి భూమి ముక్కలు ముక్కలుగా లేఅవుట్లకిచ్చి, ఆ డబ్బుతో ఇళ్లు కట్టి, ప్రతి ఇంటికీ చిన్నమ్మతోనే నిద్రలు చేయించాడు. భార్య పటేలమ్మకు ఆయాసం. సాయంత్రమైతే ఫ్యాక్టరీల పొగ ఊరి మీదికి దిగుతుంది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే దగ్గు. ఏడాదికి కొన్నాళ్లు గాలి మారాలని డాక్టరన్నాడు. వికారాబాద్ గుట్టల్లో ఇల్లు కొనుక్కుంటే సరిపోయేది. కానీ హైదరాబాదులో పెద్ద హోటల్లో దుబాయి బిల్డర్లు పెట్టిన ఎగ్జిబిషన్‌కు ఆయన్ని ఎవరో తీసుకెళ్లారు. అద్దాల పెట్టెలో బొమ్మ సముద్రం, బొమ్మ ఖర్జూరపు చెట్లు, వాటి మధ్య బొమ్మ మేడ. కొనబోయే చేను గట్ల మీద తిరిగినట్టు పటేల్ ఆ పెట్టె చుట్టూ తిరిగాడట. తన కిటికీ ఏదో వేలు పెట్టి చూపించమన్నాడట. చూపించారు, కొనేశాడు. సెలవులకు పోయి ఉండే ఇల్లు. మా వైపు అలాంటి మాట అంతకుముందు ఎవరూ వినలేదు.

ఊళ్లో హోటల్ దగ్గర ఒకటే నవ్వులు. "దుబాయికి చాకిరి జేయవోయేటోళ్లను సూసినం గని, పండుకొనీకి పోయేటోన్ని పటేల్‌నే సూస్తున్నం" అన్నాడొకడు. ఎండాకాలం సెలవులకు పోతారని తెలిసి ఇంకా నవ్వారు. అక్కడ ఇక్కడికన్నా ఎండ. పటేల్ తగ్గలేదు. "ఇల్లంత ఏసీ ఉంటది. బయటికి పోతే గద" అన్నాడు. "బయటికి పోనిదానికి అంత దూరం ఎందుకు పోవుడు?" అని పటేలమ్మ నెమ్మదిగా అంది.

చిన్నమ్మను పిలిపించిన రోజు నేనూ వెంట ఉన్నాను. పటేల్ మేడ ఫోటోలు ముందు పరిచాడు. చిన్నమ్మ వాటిని ముట్టుకోలేదు.

"ఏడాదికెన్ని దినాలుంటరు పటేలా?"

"ఒక పదిహేను, ఇరవై."

"మిగిలిన దినాలు?"

"తాళమే. ఇంకేముంటది?"

చిన్నమ్మ లేచి చీర సర్దుకుంది. "అది ఇల్లు గాదు పటేలా. ఇల్లు గట్టేదే మనిషి ఉండనీకి. ఉండకుంట పెట్టనీకి కొనుక్కునుడు నేనెన్నడు ఇనలే. అది మంచిది గాదు."

పటేలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. దగ్గు తెర వచ్చి చాలాసేపు మాట్లాడలేకపోయింది. "అందుకే నువ్వు రావాలె అక్కా. ఆ మూడు నిద్రలు మేమే చేసుకోవచ్చు గని, నువ్వు గోడ ముట్టుకొని మంచిగున్నది అంటెనే నా పానం నిలవడ్తది. నువ్వు రాకుంటే ఆ ఇంట్ల నేను కాలు వెట్ట."

చిన్నమ్మ ఒప్పుకుంది. దారిలో ఎందుకు ఒప్పుకున్నావని నిలదీశాను. "గన్ని ఇండ్లు తిరిగిన. ఆయన్ని పిలుచుకున్న ఊరు ఎట్లుంటదో ఒక్కపారి సూడొద్దా బిడ్డా?" అంది. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబులు "మీ ఆయన ఎక్కడుంటడు?" అంటే "దుబాయిల" అని తడుముకోకుండా చెప్పింది. "ఓహో, ఆయన దగ్గరికే పోతున్నవా" అని అతను నవ్వి వెళ్లిపోయాడు. చిన్నమ్మ నవ్వలేదు.

ఆ సంగతి లేఅవుట్లన్నిటికీ పాకింది. బయల్దేరే వారం ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు, పండ్లు పట్టుకుని, పూలు పట్టుకుని. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, లేవబోయే ముందు గొంతు తగ్గించి అందరూ ఒకే మాట చెప్పారు. "పోయి నిద్ర జేసి రా అక్కా. ఆడ ఎవ్వర్ని ఏం అడగకు." ఒకామె దాపరికం లేకుండా అనేసింది. "మా ఇల్లు గూడ నువ్వే నిద్ర జేసినవ్. పిల్లలు గలదాన్ని." చిన్నమ్మ బొట్టు మీద ఎన్ని ఇళ్లు నిలబడి ఉన్నాయో ఆ వారం నాకు తెలిసింది. ఈ బొట్టు లెక్కలు నాకు చిన్నప్పటి నుంచీ ఒంటికి పడవు, స్కూల్లో పిల్లలకు వద్దనే చెప్తాను. అయినా కిష్టారెడ్డిపేటలో మా ఇంటికి నిద్రలు చేసింది చిన్నమ్మే. మా ఆయన కెమికల్ ఫ్యాక్టరీలో చేస్తాడు, అప్పటికే పొడి దగ్గు మొదలైంది. చివరగా నేనూ అదే మాట అన్నాను. "అడగను బిడ్డా" అని నా తల నిమిరింది.

వాళ్లు తిరిగొచ్చారు. చిన్నమ్మ నుదుట బొట్టు వెళ్లేటప్పటికన్నా పెద్దదైంది. పావలా కాసంత ఉండేది రూపాయి బిళ్లంత అయింది. కానీ ఆ తర్వాత ఏ ఇంటికి పిలిచినా పోలేదు. నడుము నొప్పి అంది, కండ్లు మసక అంది. బతిమాలితే "ఇగ నాతోని గాదు" అని తలుపు దగ్గరగా వేసేది. అనుమానం మొదలవడానికి అంతకన్నా ఏం కావాలి. పాత ఇళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి ఉద్యోగం పోయినా ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

చిన్నమ్మ మా ఇంట్లో ఉండగా ఒక మధ్యాహ్నం పటేలమ్మ ఆటోలో వచ్చింది. మనిషి సగమైంది. నీళ్లిస్తే ముట్టలేదు. నేలమీద చిన్నమ్మకు ఎదురుగా కూర్చుంది.

"అక్కా, మీ ఆయన పోయిండా అని అడుగుతలే. నాకు ఎరుకైంది. ఎప్పుడు పోయిండో గది చెప్పు. మా పెద్దింటికి నువ్వు నిద్రలు చేసినప్పుడు ఉన్నడా, లేడా? మా బిడ్డ ఇల్లప్పుడు? జెర చెప్పక్కా, నీ కాల్మొక్త. ఏ ఇండ్లు విడిచిపెట్టాల్నో విడిచిపెడ్త."

ఎట్లా పోయాడని అడగలేదు. ఎప్పుడు అనే అడిగింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె అడిగిన దాంట్లో మా ఇల్లూ ఉంది.

చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, బొట్టు చెరగకుండా. "ఎవలు పోయిండ్రు పటేలమ్మా? నా మొగడు బతికున్నడు. ఆడ ఇంకో పెండ్లి జేసుకున్నడు. సిగ్గయి సెప్తలేను. బొట్టు కండ్లవడ్తలేదా నీకు?" అంది.

పటేలమ్మ బొట్టు వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆ పక్కనే ఉన్న చెంబెత్తి నీళ్లు గటగటా తాగేసింది. పోయేటప్పుడు చిన్నమ్మ కాళ్లకు దండం పెట్టి పోయింది.

ఆటో మలుపు తిరిగాక చిన్నమ్మ నాకు మొత్తం చెప్పింది. మొదట నవ్వుతూనే చెప్పింది. "గోడలే లేవు బిడ్డా ఆ ఇంటికి. మూడు దిక్కుల అద్దాలే. చెయ్యి వెట్టి సూద్దామంటే గాలి మీద వెట్టినట్టుండె. మంట లేని పొయ్యి. పటేల్ కర్పూరం ముట్టిస్తె పైకప్పు ఒక్కటే మొత్తుకునుడు. కిందికెళ్లి మనుషులు ఉరికొచ్చిండ్రు." తర్వాత గొంతు మారింది. "పొద్దుగూకినంక బయట నిలవడి సూసిన. పైన, కింద, ఎదురుంగ, గంత పెద్ద మేడల ఒక్క దీపం లేదు. అన్ని అమ్ముడువోయినయట. అన్ని సెలవుల ఇండ్లేనట. ఒక్కదానికి నిద్ర లేదు బిడ్డా. అన్ని ఎదురు సూసుకుంట నిలవడ్డయి."

మొదటి నిద్ర అయిన పొద్దున మెట్ల దగ్గర నేల తుడిచే ముసలాయన ఆమె తెలుగు విని చీపురు పక్కన పెట్టాడు. నిజామాబాద్ వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. ఏ ఊరమ్మా అన్నాడు. లక్డారం అంది. ఆయన మొహం విప్పారింది.

"లక్డారమా? మా రూముల లక్డారం మేస్త్రి ఒకాయన ఉంటుండె. మంచోడు. పాటలు వాడుతుండె. వచ్చిన మలి ఏడే సెంట్రింగు మీదికెళ్లి వడ్డడు పాపం. ఈడ్నే మన్ను జేసిండ్రు. ఇంటికి కబురు జెయ్యమని ఏజెంటుకు జెప్పినం. ముట్టింది గదమ్మా?"

"నేను అడగలే బిడ్డా" అంది చిన్నమ్మ. "నీకు మాటిచ్చిన. ఎవ్వర్ని ఏం అడగలే. జవాబే నడుసుకుంట వచ్చింది. ముట్టిందయ్యా అన్న. అప్పుడే ముట్టింది గద, అబద్ధం గాదు. ఆయన పెండ్లాం ఎట్లున్నదని అడిగిండు. మంచిగున్నదన్న."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఆ మేడలో మిగిలిన రెండు నిద్రలూ పడుకుందట గానీ కన్ను మూయలేదట. తాను ముత్తయిదువ కాదని తెలిశాక నిద్రపోతే వాళ్ల ఇంటికి మంచిది కాదని, తెల్లారేదాకా అద్దం వైపు చూస్తూ కూర్చుందట. పటేలమ్మ అడిగితే మాత్రం మంచిగున్నదని చెప్పింది.

మలి ఏడే అంటే ఆమె మొదటి ఇంటికి నిద్రలు చేయకముందే. ఆ లెక్క వేసుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. అడగకూడదనుకుంటూనే అడిగేశాను. "మరి మా ఇల్లు, చిన్నమ్మా?"

"అప్పటికి నాకు ఎరుక లేదు గద బిడ్డా." కాసేపు మా హాలు గోడల వైపు చూసింది. "ఇంటికి ఎరుకనో ఏమో. గది నాకెట్ల తెలుస్తది?" పక్కగదిలో నైటు డ్యూటీ చేసొచ్చి పడుకున్న మా ఆయన దగ్గుతున్నాడు.

పటేల్ దుబాయి ఇంటికి మళ్లీ పోలేదు. వచ్చే ఏడాది అన్నాడు, ఆ పై ఏడాది అన్నాడు. పటేలమ్మ ఆయాసం విమానం ఎక్కనివ్వలేదు. తర్వాత అమ్ముదామంటే అక్కడ కొనేవాళ్లు లేకుండా పోయారు. తాళంచెవి వాళ్ల దేవుడి గదిలో మేకుకు వేలాడుతోంది. పటేలమ్మ ఆ మేకు వైపు చూడకుండా దీపం పెడుతుంది.

చిన్నమ్మ ఆ తర్వాత రెండేళ్లు బతికింది. రోజూ పొద్దున్నే అద్దం ముందు కూర్చుని ఆ పెద్ద బొట్టు పెట్టుకునేది. తన కోసం కాదు. ఈ ఊళ్లల్లో ఆడవాళ్లు తమ ఇళ్లలో నిద్రపోవాలి గనుక పెట్టుకునేది. తెలిసీ అలా పెట్టుకోవడం ఎంత బరువో నాకొక్కదానికే తెలుసు. ఆమె గురించి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ముందు ప్రేమ, వెంటనే భయం కలుగుతాయి.

ఆమె పోయిన రోజు లక్డారం ఇరుకు సందు నిండిపోయింది. కిష్టారెడ్డిపేట నుంచి, వెలిమెల నుంచి, ఎక్కడెక్కడి లేఅవుట్ల నుంచో ఆడవాళ్లు ఆటోలు కట్టుకుని వచ్చారు. ముత్తయిదువ పోతే పసుపు రాసి, కుంకుమ పెట్టి, పువ్వులు ముడుస్తారు. ఆమె నుదుటి కుంకుమ తీసి తమ పాపిట్లో పెట్టుకుంటే ఐదోతనం నిలుస్తుందని మిగిలిన ఆడవాళ్లు బారులు తీరుతారు. మొదట దగ్గరివాళ్లు పెట్టాలి, దగ్గరిదాన్ని నేనే. కుంకుమ భరిణె పటేలమ్మ చేతిలో ఉంది. మూత తీసింది గానీ నాకు ఇవ్వలేదు. ఆయాసపడుతూ నా కళ్లలోకి చూస్తూ నిలబడింది. ఏమీ అడగలేదు. ఆమె వెనక అందరూ నా మొహమే చూస్తున్నారు.

భరిణె ఆమె చేతిలో నుంచి తీసుకుని చిన్నమ్మకు రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను. పటేలమ్మ కదల్లేదు. నేనేం చేస్తానో చూస్తోంది. బయట అరుగు మీద మగవాళ్ల మధ్య కూర్చుని మా ఆయన దగ్గుతున్నాడు. నేను వంగి, ఆ చల్లటి నుదుటి మీది కుంకుమ వేలికి తీసుకుని, అందరూ చూస్తుండగా నా పాపిట్లో పెట్టుకున్నాను.